పాట కొన్నాం, తాళంచెవి ఎవరి దగ్గర?

2024లో భారత్‌లో రెస్సో, ఎయిర్‌టెల్‌కు చెందిన వింక్ అనే రెండు సంగీత యాప్‌లు సేవలు నిలిపేశాయి. ఇలాంటి యాప్‌లలో ఆఫ్‌లైన్ కోసం దించుకున్న పాటలు మామూలు ఫైళ్లుగా చేతికి రావు. యాప్ పోతే పాటలూ పోతాయి. అందుకే పాటల కోసం విడిగా ఒక ప్లేయర్ కొనుక్కోవాలన్న ఆలోచన సబబే. కానీ ప్లేయర్ కంటే ముందు ఎంచుకోవలసింది ఫార్మాట్.

ఇది పాత పాఠమే. సోనీ డిజిటల్ వాక్‌మన్‌లు తొలినాళ్లలో ఎంపీ3 పాటలను సంస్థ సొంత ఫార్మాట్ ఆట్రాక్‌లోకి మార్చుకోమనేవి. ఆపిల్ 2003లో ఐట్యూన్స్ స్టోర్ తెరిచి, పాటలకు ఫెయిర్‌ప్లే అనే డిజిటల్ తాళం వేసి అమ్మింది. ఆ తాళం పూర్తిగా తొలగడానికి 2009 దాకా పట్టింది. మైక్రోసాఫ్ట్‌ది మరీ విడ్డూరం. 2004లో 'ప్లేస్ ఫర్ ష్యూర్' ముద్రతో ఇతర కంపెనీల ప్లేయర్లకు భరోసా ఇచ్చింది. 2006లో తానే తెచ్చిన జ్యూన్ ప్లేయర్‌లో ఆ ముద్ర కింద కొన్న తాళం పాటలు మోగలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఫ్లిప్‌కార్ట్ 2012లో 'ఫ్లైట్' పేరిట తాళం లేని ఎంపీ3లు అమ్మింది, ఏడాదిన్నర తిరక్కుండానే మూసేసింది. అయినా అప్పుడు కొని దాచుకున్న ఫైళ్లు ఈరోజుకీ దాదాపు ఏ ప్లేయర్‌లోనైనా పలుకుతాయి. దుకాణం పోయినా సరుకు మిగిలింది.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో డిజిటల్ తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. సొంత వాడకానికి చట్టంలో కొంత వెసులుబాటు ఉన్నా, కొన్నవారికి తాళంచెవి ఇవ్వాలన్న బాధ్యత మాత్రం కంపెనీలపై లేదు. కాబట్టి జాగ్రత్త కొనేముందే పడాలి.

కంప్యూటర్‌కు కలిపినప్పుడు ప్లేయర్ పెన్‌డ్రైవ్‌లా కనిపించాలి, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ లేకుండా పాటలు ఎక్కాలి. మెమరీ కార్డు తీసి మార్చుకోగలగాలి. ఎంపీ3తోపాటు ఫ్లాక్ కూడా పలకాలి. ఫ్లాక్ ఏ కంపెనీ గుత్తసొత్తూ కాదు, అందులో నాణ్యత తగ్గదు. ఇంట్లోని సీడీలను ఫ్లాక్‌లో దాచుకుంటే రేపు ఏ ఫార్మాట్‌లోకైనా మార్చుకోవచ్చు. ఎంపీ3గా కుదించినప్పుడు పోయిన నాదం మాత్రం తిరిగి రాదు.

పాటలు అమ్మే దుకాణానికీ ఒక పరీక్ష ఉంది. ముందు ఒక్క పాట కొని, వేరే కంపెనీ పరికరంలోకి ఎక్కించి, నెట్ ఆపేసి వినాలి. మోగితే మిగతావి కొనొచ్చు. మోగకపోతే అక్కడ అమ్ముతున్నది పాట కాదు, అద్దె.