నాటు కుక్కకు జబ్బు రాదా?

జాతి కుక్క అయితే నెలకోసారి డాక్టరు దగ్గరికి పరుగే, నాటు కుక్క అయితే దేనికైనా తట్టుకుంటుంది అన్న మాట మన దగ్గర బాగా చెలామణిలో ఉంది. 2020 ఆగస్టు 'మన్ కీ బాత్'లో ప్రధాని ముధోల్, రాజపాళయం వంటి దేశీ జాతుల్ని పెంచుకోమన్నాక దానికి ఇంకాస్త ఊపొచ్చింది. మాటలో నిజం ఉంది, కానీ ఎంత ఉందో తేల్చుకోవాలంటే మధ్యధరా తీరానికి వెళ్లాలి.

స్పెయిన్, ఇటలీ, గ్రీస్‌లలో కుక్కల్ని పీడించే లీష్మానియాసిస్ మన బిహార్‌లో మనుషులకొచ్చే కాలా అజార్‌కు దగ్గరి చుట్టం. ఇసుక ఈగ కాటుతో పరాన్నజీవి ఒంట్లో చేరుతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలతాయి, చర్మం పొట్టు లేస్తుంది, గోళ్లు విపరీతంగా పెరిగి వంకర తిరుగుతాయి. చివరికి ప్రాణం తీసేది ఎక్కువగా కిడ్నీల వైఫల్యమే. బాక్సర్, రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. బాలెరిక్ దీవుల వేటకుక్క ఇబిజాన్ హౌండ్ మాత్రం అవే ఈగల మధ్య తిరుగుతూ చాలావరకు ఆరోగ్యంగానే ఉంటుంది.

2000లో వెలువడిన ఒక స్పానిష్ అధ్యయనం ఈ తేడా ఎక్కడుందో చూపింది. చంపిన పరాన్నజీవుల ద్రావణాన్ని చర్మంలోకి ఎక్కించి, రెండు మూడు రోజులాగి అక్కడ గడ్డ కట్టిందో లేదో చూస్తారు. గడ్డ కడితే రక్షక కణాలు శత్రువును గుర్తుపట్టినట్టు. ఇబిజాన్ హౌండ్లు ఈ పరీక్షలో మిగతా కుక్కల్ని మించిపోయాయి. జబ్బుపడ్డ కుక్కల సంగతి విచిత్రం: వాటి రక్తంలో యాంటీబాడీలు కుప్పలుతెప్పలు. ఈ పరాన్నజీవి మాక్రోఫేజ్ అనే రక్షక కణం లోపలే కాపురం పెడుతుంది కాబట్టి యాంటీబాడీలు దాన్ని అందుకోలేవు. పైగా అవే గుంపులు కట్టి కిడ్నీల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తాయి. యాంటీబాడీలుంటే చాలు, రక్షణ ఉన్నట్టే అనుకోవడం ఇక్కడ చెల్లదు.

దీని వెనుక జన్యువులున్నాయి. కణంలో చిక్కిన క్రిమికి ఇనుము వంటి లోహాలు అందకుండా చేసే ఎస్‌ఎల్‌సి11ఎ1 జన్యువులోని కొన్ని తేడాలకూ, జబ్బు ముప్పుకూ సంబంధం ఉందని పరిశోధకులు చూపారు. అయితే ఒక్క జన్యువుతో తేలే లెక్క కాదిది. అదీగాక జర్మన్ షెపర్డ్‌ను కాపలాకని రాత్రంతా ఆరుబయట కట్టేస్తారు, ఇసుక ఈగ కుట్టేదీ ఆ వేళే. తప్పు జాతిదా, యజమానిదా అన్నది విడదీయకుండా ఆసుపత్రి రికార్డుల్ని బట్టి తీర్పు చెప్పలేం.

మన వీధికుక్కల 'సహజ నిరోధకత' విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మనకు కనిపించేవి బతికి బట్టకట్టినవే. రోడ్డు పక్క చనిపోయిన కుక్కపిల్లల్ని లెక్కలో వేసేదెవరు? అలాగని స్థానికతకు విలువే లేదనలేం. గోమార్లు అంటించే బెబీసియా గిబ్సోనీ అనే రక్త పరాన్నజీవిని 1910లో పరిశోధకుడు పాటన్ మొదట వర్ణించింది మద్రాసు వేటక్లబ్బు కుక్కల రక్తంలోనే, ఆ తర్వాత అది నక్క రక్తంలోనూ దొరికింది. నక్క ఈ నేల జంతువు, ఆ క్రిమికి అలవాటుపడి ఉండొచ్చు. క్లబ్బు కుక్కలు దొరల సరదా కోసం వచ్చినవి.

తట్టుకోవడం వేరు, సోకకపోవడం వేరు. లీష్మానియా సోకినా హుషారుగా తిరిగే కుక్కను కుట్టిన ఈగ ఆ క్రిమిని మరో కుక్కకో, పసిబిడ్డకో చేరవేయగలదు. అందుకే మధ్యధరా దేశాల్లో బాక్సర్‌కు కట్టే, ఇసుక ఈగల్ని తరిమే డెల్టామెత్రిన్ మందు కాలర్‌ను ఇబిజాన్ హౌండ్ మెడకూ కట్టాలి.