కూలివాని ఆయువు — యజమాని ధర్మము

తెల్లవారకమునుపే విజయవాడ వన్ టౌనులో కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టుపట్ల బస్తాల బరువున వంగిన వీపులు కానవచ్చును. ఆ వీపుల బలముననే మన వర్తకము నిలిచియున్నది. ఆ బలమును లోలోపల తినివేయు వ్యాధినిగూర్చి మన వర్తకులు ఎన్నడైన చర్చించిరా?

క్లోమము జీర్ణకోశము వెనుక దాగియుండు గ్రంథి. దానికి సోకు క్యాన్సరు తొలిదశలో తన జాడ తెలియనీయదు. కామెర్లు, నడుమునొప్పి, కారణములేని కృశత్వము, నడివయస్సు దాటినపిమ్మట హఠాత్తుగా తోచు మధుమేహము కనబడునప్పటికి శస్త్రచికిత్సకు సమయము మించిపోవుటయే సాధారణము. ఆరోగ్యవంతుల నందఱను పరీక్షించి దీనిని ముందుగా పట్టుకొను సాధనము నేటికిని లేదు. కావున నివారణమే శరణ్యము.

వార్ధక్యమును, వంశపారంపర్యమును మార్చుట మనచేత కాదు. పొగాకును విడుచుట మనచేతనే యున్నది. పొగత్రాగువారికి ఈ వ్యాధి ప్రమాదము త్రాగనివారికంటె సుమారు రెండింతలు. నమలు పొగాకును దీనికి హేతువేయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లో ప్రకటించెను. ఖైనీలో పొగ లేదుగదా యని తృప్తిపడువారు ఈ మాట వినవలెను. స్థూలకాయమును, మద్యపానమువలన కలుగు దీర్ఘకాల క్లోమశోథయు తక్కిన హేతువులలోనివి.

“వాని బీడీ వాని యిష్టము, మాకేమి?” యని కొందఱు యజమానులందురు. బాగు! లారీ దించుట ఆలస్యమైనపుడు తేనీటితో బీడీకట్ట నందించు చేయి యెవరిది? 2003 నాటి చట్టమును, 2008 అక్టోబరు 2 నుండి అమలులోనున్న నిబంధనలును పనిచోట పొగత్రాగుటను నిషేధించి, ఆ బాధ్యతను యజమానిపైననే మోపినవి. అచ్చట అగ్గిపెట్టె సమకూర్చుటయు తప్పే. ధర్మమును కాదనువాడు చట్టమునైన కాదనగలడా?

“పొగాకు ఆంధ్రుల బంగారుపంట, పొగాకు బోర్డు గుంటూరుననే యున్నది” అని మఱికొందఱి వాదము. ఆ బంగారమును లెక్కించునపుడు, దానిని నమలి రాలిపోయినవాని యిల్లాలి కన్నీటిని ఏ పద్దున వ్రాయుదుము?

చేయవలసినది కష్టసాధ్యము కాదు. కొట్టులోను, గిడ్డంగిలోను పొగాకును మాన్పింపుడు. బీడీకి బదులు మజ్జిగ నిండు. మానగోరువానికి 1800-11-2356 అను ఉచిత దూరవాణి సహాయమును తెలుపుడు. ఏటేట బరువును, మధుమేహమును పరీక్షింపజేయుడు. కామెర్లు తోచినవానికి కూలి కోయక, నాడే వైద్యునొద్దకు పంపుడు. పదిమంది పనివారున్నచోట రాజ్యబీమా వర్తించును. యజమాని వంతు వేతనములో నూటికి 3.25 మాత్రమే. ఆ స్వల్పమును తప్పించుకొనుటకై పదవవాని పేరు పద్దుకెక్కింపకుండుట, గుణదలలోని బీమా ఆసుపత్రి తలుపు వానికి మూసివేయుటయే.

1921లో ఈ పురముననే కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము కోటి రూపాయలు, కోటి సభ్యులు, ఇరువది లక్షల రాట్నములని లెక్కగట్టి, గడువుపెట్టి దేశమును కదలించెను. అట్టి పురమునందలి వర్తకులు పొగాకులేని ఒక్క వీథికి గడువు పెట్టలేరా? సత్రములు కట్టించిన చేతులివి. తమ బస్తాలు మోయువాని ప్రాణమును నిలుపుటకు వెనుదీసినచో, ఆ దానములన్నియు శిలాఫలకములపై వ్రాతలుగా మాత్రమే మిగులును.