సీసపు సైన్యాలు, ఆదివారపు ఆట



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పులు అంటూ ఎప్పుడూ రోగాల సంగతే చెప్పే నేను ఈసారి ఒక యుద్ధం గురించి వ్రాస్తున్నాను. కంగారుపడకండి. ఈ యుద్ధంలో సైనికుని ఎత్తు ఒక అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రణరంగం భోజనాల బల్ల. చివరికి రక్తపరీక్ష దాకా వచ్చిన వ్యవహారం కనుకనే దీనికి ఇక్కడ చోటిస్తున్నాను.

నిరుడు కొన్ని నెలలు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంట ఉన్నాను. ప్రతి ఆదివారం మధ్యాహ్న భోజనం కాగానే మా అల్లుడు బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరచి, దాని కింద పుస్తకాలు దోపి కొండలు లేపేవాడు. సరిగ్గా రెండింటికి వీధి చివర నుంచి ఒక పెద్దాయన అట్టపెట్టెతో వచ్చేవాడు. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు, డెబ్బై దాటినవాడు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నవాడు. పెట్టెలో నుంచి గాబ్లిన్లు, ఆర్క్‌లు, డ్రాగన్లు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. అన్నీ 1980ల నాటి లోహపు బొమ్మలు, చేత్తో రంగులు వేసినవి.

ఇటువంటి ఆటకు ఇంగ్లండులో చాలా కాలపు చరిత్ర ఉంది. కాల్పనిక కథలకు పేరుపొందిన హెచ్.జి.వెల్స్ 1913లోనే బొమ్మ సైనికులతో ఆడుకునే విధానాన్ని ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంగా వ్రాశాడు. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ వ్రాసి ఈ వినోదాన్ని ఊరూరా వ్యాపింపజేశాడు. ఆయన వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టు అని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మన జాతివాడే కదా! 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి ‘చైన్‌మెయిల్’ అనే నియమావళిని ప్రకటిస్తూ, దాని చివర మాంత్రికులను, డ్రాగన్లను కూడా చేర్చారు. 1983లో ఇంగ్లండులో ‘వార్‌హామర్’ వెలువడింది. మా అల్లుడూ ఆ పెద్దాయనా ఆడేది దాని 1987 నాటి మూడవ కూర్పుతో. ఆ తరువాత ఎన్ని కొత్త కూర్పులు వచ్చినా వారు దానిని వదలలేదు. పుస్తకం అట్ట ఊడిపోయి, పుటలు టేపుతో అతికించి ఉన్నాయి.

ఆట పద్ధతి సులువుగానే చెప్పవచ్చు. ఎవరి దళం ఎన్ని అంగుళాలు కదలాలో కొలబద్దతో కొలుస్తారు. దెబ్బ తగిలిందా, గాయమైందా, కవచం కాపాడిందా అన్నది పాచికలు తేలుస్తాయి. నన్ను ఆకట్టుకున్నది వేరొకటి. రాళ్లు విసిరే యంత్రాన్ని ప్రయోగించేటప్పుడు ముందుగా కొలవకూడదు. దూరాన్ని కంటితో అంచనా కట్టి పైకి చెప్పాలి, ఆ తరువాతే కొలబద్ద తీయాలి. ఆ పెద్దాయన కళ్లు చికిలించి, వంగి చూసి, ‘ఇరవై రెండు’ అనేవాడు. కొలిస్తే ఇరవై రెండున్నర. ఆ క్షణంలో ఆయన ముఖంలోని వెలుగును ఏ మందుచీటీతోనూ నేను తెప్పించలేను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అరవై దాటినవారికి ఇది పిల్లచేష్ట కాదు. ఈ ఆట మతిమరుపును ఆపుతుందని ప్రచారం చేసేవారితో నేను చేయి కలపను. కానీ వైద్యునిగా నాకు కనిపించినవి నాకు కనిపించాయి. మూడు నాలుగు గంటల పాటు ఆయన బల్ల చుట్టూ తిరిగాడు, వంగాడు, లేచాడు. లెక్కలు నోటితో కట్టాడు. ఓడిపోయి నవ్వాడు. వారంలో మిగిలిన ఆరు రోజులూ సాయంత్రాలు కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకున్నాడు. అన్నింటికీ మించి, ఎదుట మరొక మనిషి లేనిదే ఈ ఆట లేదు. పదవీ విరమణ చేసిన మన వాళ్లలో ఎందరు టీవీ ముందు కూర్చుని, పలకరించే దిక్కులేక నాలుగు మాత్రలు మింగి పడుకుంటున్నారో మీకు తెలియనిది కాదు.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం పెద్దాయన ఒక డ్రాగన్‌ను నా చేతికిచ్చాడు. దాని రెక్కల కింద బూజు వంటి తెల్లని పొడి. ‘ఇది ముసలితనం, డాక్టరుగారూ, వాటికీ వస్తుంది’ అని నవ్వి, జేబులోని పాత టూత్‌బ్రష్‌తో దులిపాడు. పొడి గుడ్డ మీద రాలింది. పది అడుగుల దూరంలో ఏడాదిన్నర వయసున్న మా మనవడు పాకుతున్నాడు.

ఆ కాలపు బొమ్మలను సీసం ఎక్కువగా గల మిశ్రలోహంతో పోతపోసేవారు. సీసమనగానే మనకు తేటగీతి తోకగా గల పద్యం గుర్తుకు వస్తుంది గాని, ఈ సీసం వేరు. పెద్దాయన తన సైన్యాన్ని ఎంతో ప్రేమతో ఓక్ చెక్కతో చేసిన అద్దాల బీరువాలో దాచుకున్నాడు. ఆ ప్రేమే ముప్పు తెచ్చింది. ఓక్ కలప నుంచి ఏళ్ల తరబడి ఆమ్లపు ఆవిరి వెలువడుతుంది. మూసి ఉన్న బీరువాలో అది సీసాన్ని కొరుకుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తోడై లోహం సీసపు కార్బొనేటుగా, అంటే ఆ తెల్ల పొడిగా మారుతుంది. గట్టి లోహాన్ని చేత్తో పట్టుకుంటే చర్మం గుండా సీసం లోపలికి పోవడం అత్యల్పం. పొడి సంగతి అలా కాదు. వేళ్లకు అంటుతుంది, బిస్కెట్టుతో నోట్లోకి పోతుంది, కడుపులోని ఆమ్లంలో తేలికగా కరుగుతుంది.

పిల్లల పేగులు పెద్దల పేగుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా సీసాన్ని పీల్చుకుంటాయి. శరీరం దానిని కాల్షియంగా పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ అది దశాబ్దాలు ఉంటుంది. ఎదిగే మెదడుకు జరిగే నష్టం తిరిగి రాదు. 2021లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములను సూచికగా నిర్ణయించింది. అది హెచ్చరిక గీత మాత్రమే; దానికి లోబడి ఉంటే క్షేమమని దాని అర్థం కాదు. 2006లో మినియాపొలిస్‌లో నాలుగేళ్ల బాలుడు సీసంతో చేసిన చిన్న లోహపు బిళ్లను మింగి మరణించాడు. ఆ బిళ్ల కంటే ఈ గాబ్లిన్ పెద్దదేమీ కాదు.

ఆ రాత్రి ఇంట్లో జరిగిన రభస చెప్పనలవి కాదు. ‘ఆ పెట్టె మళ్లీ ఈ గడప తొక్కకూడదు నాన్నా’ అని మా అమ్మాయి. ‘మామయ్యగారూ, ఆయన నలభై ఏళ్లుగా ఆడుతున్నాడు, ఏమైంది?’ అని అల్లుడు. ఇద్దరూ నా వైపే చూశారు. ఏమీ కాలేదని చెప్పడానికి మన దగ్గర ఆధారమేముంది? ఆయన రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు. పెద్దల్లో సీసం రక్తపోటుగా, మలబద్ధకంగా, నీరసంగా పైకి కనిపిస్తుంది. వయసు మీదకు తోసేసి ఊరుకుంటాం. అయితే పెట్టె గడప తొక్కకూడదన్న తీర్పూ నాకు సమ్మతం కాలేదు. ఒంటరివాడి ఆదివారాన్ని లాక్కోవడం కూడా ఆరోగ్యానికి హాని చేయడమే.

మరునాడు పెద్దాయన ఇంటికి నేనే వెళ్లాను. చెప్పినదంతా ఓపికగా విన్నాడు. రంగులు వేసేటప్పుడు కుంచె మొన కోసం దానిని పెదవులతో తడుపుతానని తానే ఒప్పుకున్నాడు. ఒక శతాబ్దం కిందట అమెరికాలో గడియారాల అంకెలకు రేడియం పూసిన యువతులు అలా కుంచెలు తడిపే ప్రాణాలు పోగొట్టుకున్నారని చెబితే, చాలాసేపు మౌనంగా ఉండి కుంచెలన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు.

మీ ఇళ్లలో, ముఖ్యంగా విదేశాల్లో ఉన్న మీ పిల్లల ఇళ్లలో, ఇటువంటి పాత బొమ్మలు ఉంటే ఆయనకు చెప్పినవే మీకూ చెబుతాను. చిన్న పిల్లలు తిరిగే గదిలో వద్దు. తెల్ల పొడి కనిపిస్తే పొడిగా దులపవద్దు, ఊదవద్దు. చేతొడుగులు వేసుకుని తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయండి. ఓక్ బీరువా మానేసి ఉక్కు లేదా గాజు అలమారలో పెట్టండి. ఆకురాయితో అరగదీయడం, ఇంట్లో సీసం కరగబెట్టి పోతపోయడం పనికిరావు. ఆడుతూ తినవద్దు. ఆట ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోండి. 1990ల చివర నుంచి ఈ బొమ్మల తయారీ చాలావరకు సీసం లేని లోహానికి, ప్లాస్టిక్కుకు మారింది కనుక కొత్తవాటితో ఈ చింత తక్కువ. ఏళ్ల తరబడి వీటితో మెలగినవారు ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవడం మంచిది.

మనవడి పరీక్షలో చింతించవలసినదేమీ లేదని తేలింది. పెద్దాయన ఫలితం కొంచెం ఎక్కువే వచ్చింది. మందు అవసరం లేదని, ఆరు నెలలకు మళ్లీ చూద్దామని వారి వైద్యుడు చెప్పాడు. ఓక్ బీరువాలో ఇప్పుడు పుస్తకాలు ఉన్నాయట. ఆట ఆయన ఇంటికే మారింది. అల్లుడు తిరిగి రాగానే స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోవాలన్నది మా అమ్మాయి పెట్టిన నియమం. మొన్న ఆదివారం ఫోటో పంపాడు. ఎల్ఫ్‌లను చూసి గాబ్లిన్లు మళ్లీ పారిపోయాయి. బల్ల పక్కన సబ్బు, తువ్వాలు ఉన్నాయి.