గడియారానికి తాళం.. దేనికి వేయాలి, దేన్ని వదలాలి?

2023 మార్చి, రంజాన్ మొదలైన రోజులు. లెబనాన్ ప్రధాని నజీబ్ మికాతీ ప్రభుత్వం హఠాత్తుగా ఒక నిర్ణయం ప్రకటించింది. ఏటా మార్చి చివర్లో ఒక గంట ముందుకు జరిగే గడియారాలు ఈసారి రంజాన్ ముగిసేదాకా కదలవని చెప్పింది. అంటే గడియారంలో ఏడు కాకుండా ఆరింటికే ఇఫ్తార్. చర్చిలు ఒప్పుకోలేదు. దేశం ఒకటే, టైములు రెండు అయ్యాయి. పాత లెక్క ప్రకారం ఫోన్లు వాటంతటవే ముందుకు జరుగుతాయి కాబట్టి, చేత్తో టైం సెట్ చేసుకోమని మొబైల్ కంపెనీలు మెసేజ్‌లు పంపాయి. నాలుగైదు రోజుల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

చేత్తో మార్చుకోమనడం తేలికే. కానీ అన్ని పరికరాలూ అందుకు ఒప్పుకోవు. ఆఫీసు విండోస్ కంప్యూటర్‌లో మామూలు ఉద్యోగి టైం మార్చబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్‌లో తేదీ, టైం సెట్టింగ్‌నే మూసేయొచ్చు. ఫ్రీబీఎస్‌డీ సర్వర్లలో భద్రతను పై స్థాయిలో పెడితే అడ్మిన్ కూడా ఒక్కసారికి ఒక సెకనుకు మించి గడియారాన్ని జరపలేడు.

ఇంత కట్టడి ఎందుకు? గడియారం చేతిలో ఉన్నవాడి చేతిలోనే సాక్ష్యం ఉంటుంది. రాత్రి దొంగతనంగా లాగిన్ అయినవాడు టైం వెనక్కి తిప్పితే రికార్డు అబద్ధం చెబుతుంది. గడువు తీరిన సర్టిఫికెట్ మళ్లీ చెల్లుతుంది. మన దేశంలో కూడా సంస్థల కంప్యూటర్లన్నీ ప్రభుత్వ టైం సర్వర్లతో సరిపోలాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి తాళం తప్పు కాదు.

తప్పంతా రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చూడటంలో ఉంది. కంప్యూటర్ లోపల ప్రపంచమంతటికీ ఒకే లెక్క నడుస్తుంది. ఏ ఊళ్లో దాన్ని ఎన్ని గంటలుగా చూపాలో చెప్పేది టైమ్‌జోన్. లెబనాన్‌లో గడియారాన్ని ముట్టుకోవాల్సిన పనే లేదు, అప్పటికి కైరో టైమ్‌జోన్ ఎంచుకున్నా సరిపోయేది. చేత్తో గంట వెనక్కి తిప్పినవాళ్ల ఫోన్ లోపలి లెక్క నిజంగానే గంట తప్పింది. టైమ్‌జోన్ పట్టికలు అప్‌డేట్ల ద్వారా ఫోన్లకు చేరాలంటే వారాలు పడుతుంది. ప్రభుత్వం ఇచ్చింది రెండు మూడు రోజులే.

ఇది మన ఇళ్లకూ తగిలే సంగతే. జిద్దాలో పనిచేసే అబ్బాయి కంపెనీ ఫోన్‌తో సెలవుకి కడప వచ్చాడనుకోండి. జిద్దా టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. టైమ్‌జోన్ మార్చకుండా టైం మాత్రమే ముందుకు తిప్పితే, నమాజ్ యాప్‌లో మగ్రిబ్ అజాన్ రెండున్నర గంటల ముందే మోగొచ్చు. ఆ అజాన్ నమ్మి ఉపవాసం విడిస్తే? ఓటీపీ యాప్ కోడ్‌లు కూడా ముప్పై సెకన్లకోసారి మారతాయి, వాటికీ లోపలి లెక్కే ఆధారం.

కంపెనీలు చేయాల్సింది ఒక్కటే: టైంకి తాళం వేయాలి, టైమ్‌జోన్ వదిలేయాలి. విండోస్ మామూలుగా ఈ పద్ధతే పాటిస్తుంది. ప్రభుత్వాలు మార్పు చేయాలనుకుంటే నెలల ముందే చెప్పాలి. ఇంట్లోవాళ్లు ఫోన్ టైం తేడాగా కనిపిస్తే ముందు టైమ్‌జోన్ చూసుకోవాలి. అనుమానం తీరకపోతే మస్జిద్ గోడ మీది టైం పట్టిక ఎలాగూ ఉంది.