చివరి స్టేషన్ మనదేనా?

విశాఖ, విజయవాడ మెట్రోల తొలి దశలకు 22 వేల కోట్ల రూపాయలకు పైగా కావాలని రాష్ట్ర ప్రభుత్వం లెక్కగట్టింది. ఆ నిధుల కోసం కేంద్రం వైపు చూస్తోంది. ఆ పట్టాలు నెల్లూరు తీరానికి రావు. మేము అడగడమూ లేదు. కానీ మెట్రో చరిత్రలో ముస్లిం సమాజం మరువరాని పాఠమొకటి ఉంది.

హైదరాబాద్ మెట్రోకు 2010లో ఒప్పందం కుదిరింది. 2020 ఫిబ్రవరి నాటికి దాదాపు 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. మిగిలింది ఎం.జి.బి.ఎస్. నుంచి ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు. అంటే పాతబస్తీ! ఆస్తుల సేకరణ కష్టమన్నారు, దారిలో ప్రార్థనా స్థలాలున్నాయన్నారు. మార్గం మార్చాలని మన నాయకులూ కోరారు. ఆ నిజాన్ని దాచం. అయితే సుల్తాన్ బజార్ వ్యాపారులూ ఎదిరించారు కదా? అక్కడ పరిష్కారం దొరికింది. పాతబస్తీ మార్గానికి శంకుస్థాపన కోసం 2024 మార్చి దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు మన వంతు. 2023లో కేంద్రం ఆమోదించిన పి.ఎం. ఈ-బస్ సేవా పథకం కింద రాష్ట్రానికి కేటాయించిన 750 బస్సుల జాబితాలో నెల్లూరు కూడా ఉంది. ఈ పథకంలో బస్సు నడిపే సంస్థకు చెల్లింపు కిలోమీటర్ల లెక్కన జరుగుతుంది. బస్సు కోటమిట్టకు వెళ్లినా మరో పేటకు వెళ్లినా దానికి దక్కేది అంతే. కనుక 'అక్కడ గిట్టుబాటు కాదు' అనే సాకు ఆ సంస్థకు లేదు. ఏ వీధికి బస్సు రావాలన్నది పూర్తిగా అధికారుల నిర్ణయం. అధికారుల నిర్ణయాన్ని ప్రజలు ప్రశ్నించవచ్చు.

రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గాకు ప్రత్యేక బస్సులు నడుస్తాయి. పండుగకు దొరికే బస్సు మామూలు రోజున ఆసుపత్రికి, కళాశాలకు వెళ్లే మన ఆడబిడ్డలకూ దొరకాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం ఉచిత ప్రయాణమిచ్చింది. బస్సే రాని వీధిలో ఆ ఉచితం ఎవరికి?

అందుకే మా డిమాండ్లు మూడు. మార్గాలను ఖరారు చేసేముందు ముసాయిదాను తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. కోటమిట్ట వంటి బస్తీలనూ, మైపాడు, కృష్ణపట్నం దారుల్లోని పల్లెలనూ అందులో చేర్చాలి. ఈ-బస్సుల్లోనూ స్త్రీలకు ఉచిత ప్రయాణం వర్తించాలి.

ఇది దయ కాదు, మనం కట్టిన పన్నులో మన వాటా. గీతలు గీశాక మొరపెట్టుకోవడం పాతబస్తీ అనుభవం. గీయకముందే వెళ్లి అడగడం మన బాధ్యత.