మునిగిన ఊరికి ఒక పుస్తకం

“తండా పిల్లలకు పాలస్తీనా పుస్తకాలెందుకు సారూ? ముందు గ్రూప్స్ పుస్తకాలు చదవనియ్యండి.” డిచ్‌పల్లిలో మేం పుస్తకాలు పంచుకునేచోట ఈ మాట తప్పకుండా వినబడుతుంది. ఎక్కువసార్లు అనేది మన టీచర్లే. పిల్లల మీది ప్రేమతోనే అంటారు. అందుకే జవాబు చెప్పాలి.

వలీద్ ఖాలిదీ సంపాదకత్వంలో 1992లో ‘ఆల్ దట్ రిమెయిన్స్’ అనే ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. అందులో కథ లేదు, నాయకుడు లేడు. ఇజ్రాయెల్ ఏర్పడ్డ 1948లో జనం లేకుండా పోయిన 418 పాలస్తీనా ఊళ్లున్నాయి. ఒక్కో ఊరికి ఒక్కో పద్దు. ఎంతమంది ఉండేవాళ్లు, ఇళ్లెన్ని, భూమెంత, ఏం పండేది, ఎవరొచ్చి ఎప్పుడు వెళ్లగొట్టారు, ఇప్పుడు ఆ చోట ఏం మిగిలింది. ఒకచోట నాగజెముడు కంచె, ఒకచోట రాళ్ల కుప్ప. పహాణీ చదివినట్టే ఉంటుంది, పొడిపొడిగా. ఆ పొడితనమే దాని బలం. కవిత చదివి “అయ్యో” అని పక్కన పెట్టేయొచ్చు. ఊరి పేరు, ఇళ్ల లెక్క, భూమి లెక్క ముందు పెట్టాక “అక్కడ ఎవరూ లేకుండె” అనడం కష్టం.

“ఎవరూ లేకుండె” అనే మాట మనకు కొత్తదా? పోడు చెలక మీదికి వచ్చే మ్యాపులో మన గూడెం ఉండదు, ఆకుపచ్చ రంగే ఉంటుంది. శ్రీరాంసాగర్‌కు 1963లో శంకుస్థాపన జరిగింది. దాని ఆయకట్టు లెక్క పరీక్షల్లో వస్తుంది, కాబట్టి మన పిల్లలకు నోటికి వచ్చు. మునిగిన ఊళ్ల పేర్లు నాలుగు చెప్పమనండి చూద్దాం. పోలవరం కోసం 2014లో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అది రెండు రాష్ట్రాల తగాదాగానే గుర్తుంది. కోయలు, కొండరెడ్లు ఆ తగాదాలో ఎక్కడున్నారు?

పాలస్తీనా, పోలవరం ఒకటేనని మేం అనడం లేదు. అక్కడ సైన్యం, యుద్ధం. ఇక్కడ గెజిట్, పరిహారం చెక్కు. పోలికను సాగదీస్తే ఇద్దరికీ అన్యాయమే. మనం నేర్చుకోవలసింది వాళ్లు రాసిన తీరు.

1980ల్లో వెస్ట్ బ్యాంక్‌లోని బిర్‌జైత్ విశ్వవిద్యాలయం నాశనమైన ఊళ్ల మీద వరుసగా పుస్తకాలు తెచ్చింది. ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసిన పుస్తకాలు. ఆ తర్వాత మామూలు జనం కూడా తమ ఊరి పుస్తకం తామే రాసుకున్నారు. అట్లాంటివి వందకు పైగా ఉన్నాయి. రాసినవాళ్లలో బడిపంతుళ్లు ఉన్నారు. టీచర్లూ, ఈ వాక్యం మీకోసమే.

మనవైపు చూడండి. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద హైమెండార్ఫ్ పుస్తకం కూడా 1948లోనే వచ్చింది. గొప్ప పుస్తకం, కాదనం. కానీ రాసింది ఆస్ట్రియా నుంచి వచ్చిన మనిషి, అచ్చయింది లండన్‌లో. గోండుల వంశగాథ ప్రధాన్ల కిక్రీ మీద, లంబాడీల వంశావళి భాట్‌ల నోట ఇంకా ఉంది. ఎన్నాళ్లుంటుంది?

మనమే రాసుకుంటే పక్షపాతం అంటారని మాలోనే కొందరికి భయం. పట్వారీ రాసిన పహాణీలో పక్షపాతం లేదా? దాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. మన అవ్వ చూపించిన పాత బావి సాక్ష్యం ఎందుకు కాదు?

డిచ్‌పల్లిలోనే 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే తండా, గూడెం పిల్లలను మేం అడుగుతున్నాం: నెట్ నుంచి దించి బైండింగ్ చేయించే ప్రాజెక్టు రిపోర్టు బదులు, ఒక్కొక్కరు ఒక్కో ఊరు రాయండి. మునిగిందైనా, అడవి పేరుతో లేపేసిందైనా సరే. ఖాలిదీ పుస్తకంలోని ప్రశ్నలను మేం తెలుగులో ఒక కాగితం మీదికి దించాం. చివర మనవి రెండు కలిపాం: ఊరికి మన భాషలో పేరేమిటి, దేవత ఇప్పుడు ఎక్కడుంది? సెలవులకు ఇంటికి పోయేముందు కాగితం తీసుకెళ్లండి. అవ్వ పడుకోకముందే కూర్చోండి, ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి.