పారిస్‌లో పుష్యమాసం

గత సంచికలో ఈ శీర్షిక కింద అమరకంటక్ ప్రయాణం గురించి రాసినప్పుడు, “తరువాత ఎక్కడికి?” అని పలువురు సహోద్యోగులు అడిగారు. ఈసారి కొంచెం దూరమే వెళ్ళాము. మా అమ్మాయి ఫ్రాన్సులో పైచదువు చదువుతున్నందువల్ల, 2025 జనవరిలో నేనూ శ్రీమతీ పారిస్ నగరంలో ఎనిమిది రోజులు గడిపి వచ్చాము. మన ఎల్.టి.సి. విదేశాలకు చెల్లదు, ఇది సొంత ఖర్చుతో జరిగిన యాత్ర అని ముందే మనవి చేస్తున్నాను. అకౌంట్స్ విభాగం వారు కంగారు పడనక్కరలేదు.

చలి అంటే మాకు భయం లేదనుకున్నాము. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాళ్ళం, పుష్యమాసపు తెల్లవారుజామున బొగ్గుల కుంపటి చుట్టూ కూర్చున్నవాళ్ళం. కాని ఇక్కడ ఎంత చలి అయినా తొమ్మిది గంటలకు ఎండ వీపును తాకుతుంది. అక్కడ సూర్యుడు ఉదయించేదే ఎనిమిదిన్నర దాటాక. సాయంత్రం అయిదు దాటగానే అస్తమయం. మధ్యలో ఉన్న ఆ కాస్త పగలూ మబ్బే.

ఈఫిల్ గోపురాన్ని చూడగానే ఇంజనీరుకు మొదట తోచేది ఎత్తు కాదు, రివెట్లు. 1887లో మొదలై 1889లో పూర్తయిన ఈ కట్టడం ఉక్కు కాదు, చేత ఇనుము. పద్దెనిమిది వేల పైచిలుకు భాగాలను ఇరవై అయిదు లక్షల రివెట్లతో కలిపారు. ఒక్కొక్క రివెట్టుకు నలుగురు మనుషులు: ఒకరు కాల్చాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు తలకు ఆకారం ఇవ్వాలి, ఒకరు సమ్మెట వేయాలి. ఇప్పుడు యాంటెన్నాతో కలిపి 330 మీటర్లు. వేసవి వేడికి శిఖరం కొన్ని అంగుళాలు పెరుగుతుందట. మేము వెళ్ళినది చలికాలం కాబట్టి పొట్టి గోపురాన్నే చూశామని శ్రీమతి వ్యాఖ్యానం.

నోత్రదామ్ ఆలయం 2019 ఏప్రిల్‌లో అగ్నిప్రమాదానికి గురై, అయిదేళ్ళ మరమ్మతుల తరువాత 2024 డిసెంబరులోనే తిరిగి తెరుచుకున్నది. లోపలి రాయి నిన్న కడిగినంత తెల్లగా ఉన్నది. వరుసలో గంటన్నర నిలుచున్నాము.

రైల్వే ఊరివారికి నేను ముఖ్యంగా చెప్పదలచినది ఓర్సే మ్యూజియం గురించి. ఈనాడు జగత్ప్రసిద్ధమైన చిత్రాలున్న ఆ భవనం నిజానికి ఒక రైల్వే స్టేషను. 1900 నాటి విశ్వప్రదర్శన కోసం విక్టర్ లాలూ అనే వాస్తుశిల్పి నిర్మించాడు. (మన రైల్వే మంత్రిగా చేసిన వారితో పోలిక పేరులో మాత్రమే.) మొదటి నుండి విద్యుత్ బండ్లే, పొగ లేదు కాబట్టి కప్పుకు నగిషీలు చేయించారు. బండ్లు పొడుగవుతూ వచ్చి ప్లాట్‌ఫారాలు చాలక, 1939 నాటికి దూరప్రయాణపు రైళ్ళు ఆగిపోయాయి. ఎనిమిది వందల మీటర్ల ప్లాట్‌ఫారం మీద తిరిగే బిలాస్‌పూర్ వారికి ఇది వింతగానే తోస్తుంది. కూలగొట్టవలసినదానిని నిలబెట్టి, 1986 డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభించారు.

అక్కడి పెద్ద గడియారం కింద నిలబడినప్పుడు నాన్నగారు గుర్తుకు వచ్చారు. తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో టెక్కలి నుండి బిలాస్‌పూర్ వచ్చారు. నాన్నగారు ఆవిరి ఇంజనుకు ఫైర్‌మన్‌గా కట్నీ దారిలో ఎన్ని వేల మణుగుల బొగ్గు వేశారో! హౌరా దాటి లోకం చూడలేదు. టోపీతో ఇంజను మెట్టు మీద నిలబడిన ఆయన ఫొటో ఒకటి నాతో తెచ్చాను. శ్రీమతి పాత జుబ్బా గుడ్డతో కుట్టి, మా ఇద్దరి పాస్‌పోర్టులూ వేసి, నా స్వెట్టరు లోపల మెడకు తగిలించిన సంచిలో అది ఉన్నది. సంచిని చూసి నేను నవ్విన మాట నిజం. ఫొటో పైకి తీశాను, గడియారానికి ఎదురుగా పట్టుకున్నాను. తిరిగి స్వెట్టరు ఎత్తడం బద్ధకించి కోటు జేబులోని పర్సులో పెట్టాను.

బయట ఇనుప పళ్ళెంలో చెస్ట్‌నట్ కాయలు కాలుస్తున్నారు. తేగకూ చిలగడదుంపకూ నడుమ రుచి. భోగి రోజులు కదా; ఆ నిప్పు దగ్గర కాసేపు చేతులు కాచుకున్నాము. శాకాహారులకు ఒక మాట: అక్కడి ఉల్లిపాయ చారు చూడ ముచ్చటగా ఉంటుంది గాని, సాధారణంగా ఎద్దుమాంసపు రసంతోనే చేస్తారు, అడిగి తినాలి. రొట్టె మాత్రం నిర్భయంగా తినవచ్చు. ఇడ్లీ మీద బెంగ కలిగితే లా షాపెల్ పేటలో శ్రీలంక తమిళుల హోటళ్ళు ఉన్నాయి.

సాయంత్రం భూగర్భ రైలు ఎక్కాము. జేబుదొంగలున్నారు, జాగ్రత్త అని స్టేషన్లలో నాలుగైదు భాషలలో చెబుతూనే ఉంటారు. 2013లో వీరి బెడదను నిరసిస్తూ లూవ్ర్ మ్యూజియం సిబ్బంది ఒక రోజు పని మానేశారు. 2015లో ఈఫిల్ సిబ్బందీ అదే పని చేశారు. హెచ్చరిక వినగానే ప్రతివాడూ జేబు తడుముకుంటాడు. సొమ్ము ఎక్కడున్నదో దొంగకు అలా తానే చూపిస్తాడు. నేనూ తడుముకున్నాను.

“బండి కదిలేటప్పుడు జేబు చూసుకో, ఆగేటప్పుడు పెట్టె చూసుకో” అని చిన్నప్పుడు నాన్నగారు చెప్పేవారు. ఆ రైలు నిమిషానికొకసారి కదులుతుంది, ఆగుతుంది. తలుపులు మూసుకోబోయే ముందు నలుగురైదుగురు తోసుకుని ఎక్కారు. మరుసటి స్టేషనులో కొందరు దిగారు. అప్పుడు నా కోటు మీద ఒక చేయి పడింది. తిరిగి చూస్తే పుస్తకాల సంచితో నల్లని కుర్రవాడు, ఇరవై ఏళ్ళుండవచ్చు. జేబులో పర్సు లేదు. అతని చేయి గట్టిగా పట్టుకుని తెలుగులోనూ హిందీలోనూ కేకలు వేశాను. పెట్టె అంతా మావైపు చూసింది. అతడు ఏదో చెప్పబోయి, మానేసి, ఎవరూ అడగకుండానే తన జేబులు రెండూ బయటికి తిరగదీసి చూపించాడు. ఒక తాళంచెవి, రుమాలు.

రెండవ తలుపు వద్దనున్న అమ్మాయి పరుగున వచ్చింది. “వదలండి నాన్నా. మీ జేబు తెరిచి ఉన్నదని చెప్పడానికే తట్టాడట. తీసినవాళ్ళు ఇందాకే దిగిపోయారట” అన్నది. వచ్చిన ఇంగ్లీషులో క్షమాపణ చెప్పుకున్నాను. అతడు ఇంకేదో అన్నాడు. అమ్మాయి దానిని మాకు అనువదించలేదు. తరువాతి స్టేషనులో అతడు దిగిపోయాడు. అది అతడు దిగవలసిన స్టేషనేనా అన్నది నాకు తెలియదు.

పోయినవి నూట ఎనభై యూరోలు, ఒక బ్యాంకు కార్డు, ఫొటో. కార్డును అరగంటలో ఫోనుపై నిలిపివేయించాము. పాస్‌పోర్టులు జుబ్బా గుడ్డలో క్షేమం. పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసుకుని, పోయిన వస్తువుల విలువ అడిగారు. ఫొటో దగ్గర అమ్మాయి నావైపు చూసింది. సున్నా అని రాయించాను.

తిరిగి వచ్చాక శ్రీకాకుళంలోని మా అక్కయ్యకు ఉత్తరం రాశాను. ఆమె వద్ద లోకోషెడ్డు వారి గుంపు ఫొటో ఒకటి ఉన్నదట, పంపింది. వెనుక వరుసలో ఎడమ నుండి నాలుగవవారు నాన్నగారు. ముఖం బియ్యపు గింజంత. బుధవారి బజారులోని స్టూడియో వారికి పెద్దది చేయమని ఇచ్చాను; మసకగా వస్తుందని వారు ముందే చెప్పారు.